గోళీ మిషన్ మా ఇంట్లో ఉన్న వానాకాలం

పోయిన నెల కంటి డాక్టరు కోసం రాయ్‌పూర్ వెళ్లాం, నేనూ మా ఆయనా. కళ్లలో చుక్కలు వేశాక చూపు కుదుటపడడానికి కాస్త సమయం పడుతుందన్నారు. జగదల్‌పూర్ బస్సు సాయంత్రానికి గాని లేదు. ఎండ తప్పించుకోవడానికి పక్కనే ఉన్న మాల్‌లోకి దూరాం. మా ఆయన ఒక బెంచీ చూసుకుని కునుకు తీస్తుంటే, నేను ఆ మసక కళ్లతోనే పై అంతస్తుకు ఎక్కాను. అక్కడొక ఆటల హాలు ఉంది. నానా రకాల మోతల మధ్య నుంచి నాకు బాగా తెలిసిన చప్పుడొకటి వినిపించింది. ఉక్కు గోళీ చెక్క మీద దొర్లుకుంటూ వచ్చి, దేనికో తగిలి వెనక్కి ఎగిరే చప్పుడు. వెతుక్కుంటూ వెళితే ఒక మూల పిన్‌బాల్ మిషన్ ఉంది. పాతికేళ్ల అబ్బాయొకడు చెవుల్లో తీగలు పెట్టుకుని ఆడుతున్నాడు. అతని వెనక ఎవరూ లేరు. నేను వెళ్లి భుజం వెనక నిలబడ్డాను. కాసేపటికి అతను చెవిలోంచి తీగ తీసి, "మీ వంతు కోసం చూస్తున్నారా ఆంటీజీ, ఆడుకోండి" అని హిందీలో మర్యాదగా చెప్పి తప్పుకున్నాడు. కాదు బాబూ, ఊరికే చూస్తున్నాను అన్నాను. చూడడానికి ఏముందన్నట్టు ఒక నవ్వు నవ్వి వెళ్లిపోయాడు. ఒకరు ఆడుతుంటే వెనక నిలబడి చూడడం కూడా ఒక పనే అనుకునే కాలం ఒకటుండేదని అతనికి ఎలా చెప్పను?

మాది బస్తర్ అడవుల్లోని బచేలి రైల్వే కాలనీ. నాన్న కరెంటు ఫిట్టరు. కాలనీలో సగం మందికి పైగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కిరండూల్ లైను వెంట కొండెక్కి వచ్చినవాళ్లే. ఇనుప రాయి బళ్లలోకి ఎక్కించే చోటు కాబట్టి అక్కడ అన్నిటి మీదా ఎర్రటి దుమ్ము పేరుకునేది. తెల్ల చొక్కా కొనుక్కున్నవాడిని మా కాలనీలో ధైర్యవంతుడనేవారు. సాయంత్రమైతే మగవాళ్లందరూ రైల్వే క్లబ్బు అయిన ఇన్‌స్టిట్యూట్‌కు చేరేవారు. రేకుల కప్పు ఉన్న పెద్ద హాలు, రెండు క్యారమ్ బల్లలు, తలుపు సరిగ్గా పడని పుస్తకాల బీరువా. విశాఖపట్నంలో ఓడ కళాసీల క్లబ్బు ఒకటి మూతపడి సామాన్లు వదిలించుకుంటోందని తెలిసి, అక్కడి పిన్‌బాల్ మిషన్‌ను మా వాళ్లు అడిగి తెచ్చుకున్నారు. ప్యాసింజరు లగేజీ పెట్టెలో, గోనె సంచులు చుట్టుకుని, సొరంగాలన్నీ దాటుకుంటూ అది మా ఊరొచ్చింది. వచ్చేసరికి అందులో సగం తీగలు తెగిపోయి ఉన్నాయి. నాన్న సెలవు రోజులన్నీ దాని పొట్ట తెరిచి కూర్చుని బాగు చేశాడు. నాణెం వేసే చోట రేకు ముక్క బిగించి, దాని బదులు ఒక బొత్తాం పెట్టాడు. దాని వెనక అద్దం మీద ఈత దుస్తుల్లో ఒక దొరసాని బొమ్మ ఉండేది. ఇన్‌స్టిట్యూట్ పెద్దలు చర్చించుకుని ఆవిడకు రంగు కాగితంతో చీర కట్టించారు. వెనక దీపం వెలిగినప్పుడల్లా కాగితంలోంచి ఆవిడ మళ్లీ యథాప్రకారం కనిపించేది.

పిన్‌బాల్ అనే మాట మా కాలనీలో ఎవరి నోటా పలకలేదు. గోళీ మిషన్ అనేవారు. పక్కల బొత్తాలు నొక్కితే కింద ఇటూ అటూ ఊగే రెండు పలకల్ని రెక్కలన్నారు. తగిలితే గంట కొట్టి గోళీని విసిరేసే గుండ్రటివి పుట్టగొడుగులు. రెక్కల మధ్య సందులోంచి గోళీ జారిపోతే 'కాలవలో పడింది' అనేవారు. మిషన్‌ను మరీ గట్టిగా కుదిపితే దీపాలన్నీ ఆరిపోయి ఆట ఆగిపోతుంది. దానికి 'అలిగింది' అని పేరు. నాకిదంతా ఎలా తెలుసంటే, ఆడవాళ్లు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లకూడదని ఎవరూ అనకపోయినా ఎవరూ వెళ్లేవారు కాదు గాని, డిగ్రీ చదువుకుని, టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, బీరువాలోని పుస్తకాల కోసం వెళ్లే ఆడపిల్లను నేనొక్కదాన్నే. పుస్తకం వెతికే వంకతో చాలాసేపు ఉండిపోయేదాన్ని.

అక్కడ ఆట ఒకడిది, కబుర్లు అందరివీ. ఆడేవాడు ముందుంటే వెనక అర్ధచంద్రాకారంలో జనం. తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ, మధ్యలో అక్కడి అడవి ఊళ్ల హల్బీ. గోళీ పైకి వెళ్లినప్పుడు సలహాలు, కిందికి వస్తున్నప్పుడు మౌనం, కాలవలో పడ్డాక వెక్కిరింపులు. ఆ వెక్కిరింపుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాణ్ణి, ఆ రోజు పై అధికారి చేత తిట్లు తిన్నవాణ్ణి కొంచెం తక్కువ వెక్కిరించేవారు. అసలు వెక్కిరించకుండా మాత్రం ఎవరినీ వదిలేవారు కాదు, ఎందుకంటే అలా వదిలేస్తే వాడు బయటివాడని అర్థం. స్టేషన్ మాస్టరుగారిని సైతం, పాపం, 'సిగ్నలివ్వండి సార్, గోళీ ఆగిపోయింది' అనేవారు.

అందరిలోకీ పెద్ద ఆటగాడు మా పక్క క్వార్టరులో ఉండే మావయ్య. చుట్టరికం లేదు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది, కాబట్టి నాకు మావయ్య. ఖనిజం బండి డ్రైవరు. పలాస దగ్గరి పల్లెటూరు. వాళ్లు క్రైస్తవులు, మేం వారం వారం శనివారం ఉపవాసాలుండేవాళ్లం. క్రిస్మస్ అరిసెలు మా ఇంటికి, మా పులిహోర వాళ్లింటికి గోడ మీంచే వెళ్లిపోయేవి. మావయ్య ఆడుతుంటే చూడడానికి కన్నా వినడానికి ఎక్కువమంది వచ్చేవారు. ఆయన గోళీతో మాట్లాడేవాడు. "రాయే తల్లీ రా, ఎక్కడికే ఆ తొందర, కూకో, కాసేపు కూకో" అని బతిమాలేవాడు. అది మాట వినకపోతే, "ఎల్లు, అత్తోరింటికి ఎల్లిపో" అని కసిరేవాడు. హాలంతా ఘొల్లుమనేది. ఈ సంగతి నేను చెబితే అత్త నమ్మేది కాదు. ఇంట్లో ఆ మనిషి అన్నం, నీళ్లు, తువ్వాలు అనే మాటలు తప్ప నాలుగో మాట ఎరగడనేది. "నువ్వు ఇంకెవలినో సూసుంటావు" అనేది నాతో. ఆడవాళ్లకు దక్కిన మనిషి వేరు, ఇన్‌స్టిట్యూట్‌కు దక్కిన మనిషి వేరు. ఇద్దరి గురించీ తెలిసిన దాన్ని నేనే.

ఆ ఏడాది వానలు ముదిరాక, దంతెవాడ దాటిన తర్వాత అడవి మలుపులో, మావయ్య నడుపుతున్న బండి కింద ఒక అమ్మాయి పడి చనిపోయింది. సంతలో అమ్మడానికి కూరకు పనికొచ్చే లేత వెదురు కొమ్ముల గంప నెత్తిన పెట్టుకుని, వానకు ప్లాస్టిక్ కాగితం తల మీదుగా కప్పుకుని పట్టాలు దాటుతోంది. కరెంటు ఇంజను పెద్దగా చప్పుడు చేయదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా మనిషి. మావయ్య హారను మీంచి చెయ్యి తీయలేదు, బ్రేకు పూర్తిగా వేశాడు. నిండుగా రాయి మోస్తున్న బండి అంత దూరంలో ఆగదు. విచారణ జరిగింది. ఆయన తప్పేమీ లేదని తేల్చారు. తప్పు లేదని కాగితం మీద రాసిచ్చినా, ఆ మనిషి ఇంటికొచ్చి చేసిన మొదటి పని, బూట్లు విప్పి పెరట్లో పెట్టి, మళ్లీ వాటిని లోపలికి తెచ్చుకోకపోవడం. వానలో అవి అలాగే నానిపోయాయి. అత్త ఎన్నిసార్లు తెచ్చినా ఆయన తీసుకెళ్లి పెరట్లో పెట్టేసేవాడు.

కొన్నాళ్ల సెలవు తర్వాత, మనుషుల్లో పడితే బాగుంటుందని నాన్న ఆయన్ని ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్లాడు. నేను బీరువా దగ్గరే ఉన్నాను. ఆయన రాగానే అర్ధచంద్రం విచ్చుకుంది. ఆడుతున్నవాడు సగంలో వదిలేసి పక్కకు జరిగాడు. మావయ్య స్ప్రింగు కడ్డీ లాగి వదిలాడు. గోళీ పైకి వెళ్లింది, గంటలు కొట్టింది, దిగింది, నేరుగా కాలవలో పడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క వెక్కిరింపు లేదు. మంచి మనసుతోనే అందరూ నోరు మూసుకున్నారు. ఆ మౌనం ఆయన వీపు మీద ఎంత బరువుగా పడిందో పక్క నుంచి చూస్తున్న నాకు కనబడింది. రెండో గోళీ ఆడకుండానే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ వైపు రాలేదు.

అదే వానల్లో ఇన్‌స్టిట్యూట్ రేకులు ఎగిరిపోయి హాలంతా కారడం మొదలైంది. మిషన్ తడిస్తే మళ్లీ లేవదని నాన్న భయపడి, కప్పు బాగయ్యేదాకా మా ఇంట్లో ఉంచుతానని నలుగురితో మోయించుకొచ్చాడు. ముందు గదిలో మంచం తీసేస్తే గాని అది పట్టలేదు. అమ్మ దాన్ని చూసి నడుము మీద చెయ్యేసుకుని, ఈ గేదెను కట్టేయడానికి నా కొంపే దొరికిందా అంది. అయినా మరునాటికల్లా దాని మీద ఎర్రదుమ్ము తుడిచి, శుక్రవారం అద్దానికో మూల కుంకుమ బొట్టు పెట్టింది. మొదటి వారం నాన్న స్నేహితులు ఆడడానికి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని, అమ్మకు నమస్కారం పెట్టి, వంగి వంగి ఆడారు. గోళీ కాలవలో పడితే 'అయ్యో' అని మెల్లగా అనుకున్నారు. అమ్మ టీ ఇచ్చింది. ఎవరి వంతు వచ్చినా 'ముందు మీరు, కాదు మీరు' అని బతిమాలుకున్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో బూతులతో తప్ప మాట్లాడని ఒడియా పాయింట్స్‌మన్ మా ఇంట్లో నాన్నను 'తమరు' అన్నాడు. రెండో వారానికి అందరూ మానేశారు. పరాయి ఇంట్లో మర్యాద పాటిస్తూ ఆ ఆట ఆడడం ఎవరి తరమూ కాలేదు. నాన్న ఒక్కడే రెండు మూడు సార్లు ఆడి, ఎవరూ లేకుండా గెలిస్తే గెలిచినట్టే ఉండడం లేదని దుప్పటి కప్పేశాడు.

ఒక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చినప్పుడు మావయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ ఆయన ముఖం చూసి ఏమీ అడగకుండా దుప్పటి తీసి, స్విచ్చి వేసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. నన్ను కూడా కళ్లతోనే పిలిచింది. అప్పటి నుంచి ఆయన రోజూ ఆ వేళకు వచ్చేవాడు. మేం వంటింట్లో బియ్యం ఏరుకుంటూనో, నేను పుస్తకం పట్టుకునో ఉండేవాళ్లం. గదిలోంచి గోళీ చప్పుడు వినిపించేది. మాట మాత్రం వినిపించేది కాదు. పైగా అది ఆట చప్పుడు కాదు. గోళీ పైకి వెళ్లేది, దిగేది, పడేది. రెక్కలు కదిలేవి కావు. ఒకసారి తొంగి చూశాను. బొత్తాల మీద వేళ్లు పెట్టుకుని, గోళీ కిందికి వస్తుంటే చూస్తూ ఊరుకుంటున్నాడు. పడ్డాక మళ్లీ కడ్డీ లాగుతున్నాడు. కిటికీ గట్టు మీద అమ్మ పెట్టిన టీ చల్లారిపోయి ఉంది.

అత్తకు మనసు కష్టంగా ఉంటుందేమోనని అమ్మ బెంగపడింది. పక్కింటి మగాడు రోజూ మధ్యాహ్నం మనింటికి వస్తే నలుగురూ నాలుగు మాటలంటారని కూడా భయపడింది. ఒకనాడు గోడ దగ్గర తనే కదిపింది. అత్త చేతిలోని బట్టలు పిండడం ఆపలేదు. "మా ఇంట్లో గోడకేసి సూత్తాడు వదినా. మీ ఇంట్లో గోళీకేసి సూత్తన్నాడు. గోడ కన్నా గోళీ నయం, అది కదల్తాది. ఎవలేటన్నా నాకొగ్గీ" అంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారనీ, మావయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు గాని ఆమెన్ అనలేదనీ చెప్పింది. ఆమెన్ అనకపోవడం ఆవిడకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించింది.

ఇంతలో కప్పు బాగైంది, మిషన్ పంపించమని ఇన్‌స్టిట్యూట్ నుంచి కబురొచ్చింది. అమ్మ పంపనంది. అది నలుగురి సొత్తు, నా ఇంట్లో దాచుకున్నానంటే పరువు పోతుందని నాన్న వాదించాడు. మా ఇంట్లో పెద్దగా గొడవలు జరిగేవి కావు, ఆ రోజు మాత్రం జరిగింది. ఇంకొన్నాళ్లు ఆగమని అమ్మ, ఆగితే ఏం మారుతుందని నాన్న. నాన్న అన్నదాంట్లోనూ నిజం ఉంది. ఆ మధ్యాహ్నాలు మావయ్యను బాగు చేస్తున్నాయో, ఇంకా లోతుకు దించుతున్నాయో మాకెవరికీ తెలియదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం గదిలోంచి గోళీ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినబడలేదు. అమ్మ చేట కింద పెట్టి లేచింది. నేనూ వెనకే వెళ్లాను. ఆయన అద్దం మీద రెండు అరచేతులూ ఆనించి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. అమ్మ ఓదార్పు మాటలేమీ అనలేదు. చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుని, వెళ్లి ఆయన కుడి పక్కన నిలబడి, కుడివైపు బొత్తాం మీద వేలు పెట్టింది. "ఇదెలా ఆడతారో నాకూ సెప్పండన్నయ్యా. ఇన్నాళ్లబట్టీ మట్టి తుడుత్తన్నాను, ఒక్కపాలి ఆడలేదు" అంది. నన్ను కడ్డీ లాగమంది. నేను లాగాను. గోళీ పుట్టగొడుగుల్లో తిరుగుతుంటే అమ్మ బొత్తాం అదేపనిగా నొక్కేస్తోంది. రెక్క గాలిలో కొట్టుకుంటోంది. గోళీ వచ్చేసరికి రెక్క కిందికి వాలి ఉంది, అది జారిపోయింది. మళ్లీ లాగాను. మళ్లీ అంతే. మూడోసారి మావయ్య ఎడమ బొత్తాం మీద చెయ్యేశాడు. ఎడమవైపు వచ్చిన గోళీని పైకి పంపాడు. అది కుడివైపు దిగుతుంటే, వారాల తర్వాత మొదటిసారి ఆయన నోరు తెరిచాడు.

"అలగ్గాదు చెల్లెమ్మా. ఆగాల. రెక్క మీదికొచ్చినంతవరకూ ఆగాల."

అమ్మ ఆగింది. గోళీ రెక్క మీదికి వచ్చింది. నొక్కింది. అది గంటలు మోగించుకుంటూ పైకి వెళ్లింది. ఆయన దాన్ని చూడడం లేదు.

"ఆగలేదు చెల్లెమ్మా," అన్నాడు. "ఎంత లాగినా ఆగలేదు. బరువు బండి. ఆ పిల్ల గంప వదిలీసి ఇటు తిరిగింది. నన్ను సూసింది."

గోళీ దానంతట అది కాలవలో పడింది. అమ్మ బొత్తాం మీంచి వేలు తీయలేదు. ఆయన నిలబడే అంతా చెప్పాడు. విచారణలో చెప్పని సంగతులు అవి, ఎవరూ అడగని సంగతులు. గంపలోంచి కొమ్ములు ఎలా చెదిరాయో, బండి ఆగాక వెనక్కి ఎంత దూరం నడిచాడో. అంతా అయ్యాక అమ్మ ఆ అమ్మాయిది ఏ ఊరో తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు.

"అయితే ఎల్లండి."

"ఏ మొకం పెట్టుకుని ఎల్లను?"

"ఉన్న మొకమే. ఆళ్లు మిమ్మల్ని సూడాల. సూడకపోతే మీరు ఈ గదిలోనే ఉండిపోతారు."

నాన్నకు ఇది బొత్తిగా నచ్చలేదు. తెలిసినవాళ్లంతా వద్దన్నారు. కేసు ముగిసింది, మళ్లీ ఎందుకు కెలకడం అన్నారు. ఊరివాళ్ల కోపంలో ఏమైనా జరగవచ్చన్నారు. వద్దని చెప్పి చెప్పి, చివరికి నాన్న తనే తోడు బయల్దేరాడు. ఆ ఊరివాడే అయిన ఒక గ్యాంగ్‌మన్ ముందుగా కబురు చెప్పి దారి చూపిస్తానన్నాడు. సంతల్లో తిరిగి హల్బీ నేర్చుకున్నదాన్ని కాబట్టి మాట చెప్పడానికి నేను. వట్టి చేతులతో వెళ్లకూడదని అత్త, ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు మెత్తళ్ల చేపలు, బియ్యం కట్టి ఇచ్చింది. ఆ మూట మావయ్య ఎవరికీ ఇవ్వకుండా తనే మోశాడు.

సాల చెట్ల మధ్య బురద దారి, రెండు వాగులు దాటాక ఊరు. చనిపోయిన అమ్మాయి తల్లి వాకిట్లో చాప పరిచి కూర్చుని ఉంది. చుట్టూ కొందరు ఊరివాళ్లు. కొంచెం దూరంలో ఆ అమ్మాయి అన్న మా వైపు వీపు పెట్టుకుని వెదురు చీలుస్తున్నాడు. మావయ్య కూర్చోలేదు. "ఆ బండి నడిపిన మనిషిని నేనే అని సెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. వెదురు చీలే చప్పుడు ఒక్కటే. బ్రేకు అనే మాటను హల్బీలో ఏమనాలో నాకు తెలియలేదు. ఉన్న బలమంతా పెట్టి వెనక్కి లాగాడు, బండి నిలవలేదు అన్నాను. ఆవిడ మావయ్యను పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత, ఆ రోజు బండిని అరిపించింది నువ్వేనా అని అడిగింది. అవునన్నాడు.

ఆవిడ చెప్పింది నేను తెలుగులోకి మార్చవలసి వచ్చింది. "ఆ రోజు బండి చాలాసేపు అరిచింది. ఊళ్లో ఉన్న మాకందరికీ వినబడింది. ఎవరినో అంత గట్టిగా పిలుస్తున్నారేమిటా అనుకున్నాం. నువ్వు మా పిల్లనే పిలిచావు. దానికి వానలో వినబడలేదు."

మావయ్య చాప అంచున కూలబడ్డాడు. ఆవిడ లోపలికి వెళ్లి ఆకు దొప్పల్లో రాగుల మండియా పేజ్ తెచ్చి అందరికీ ఇచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగి, ఆశ్చర్యంగా నాన్న వైపు చూశాడు. "సోడి అంబలి. మా అమ్మ సేసినట్టే ఉంది" అన్నాడు. ఇంకోసారి పోయించుకుని తాగాడు. ఆవిడ మూట తీసుకుంది. మెత్తళ్లు వాసన చూసి పక్కావిడకు చూపించింది. మేం లేచి వచ్చేదాకా ఆ అమ్మాయి అన్న మాత్రం ఇటు తిరగలేదు. అతన్ని తిరగమని అడిగే హక్కు మాకెవరికీ లేదు. దారిలో మావయ్య ఆ సంగతే అన్నాడు, అతను తిరగకపోవడమే సరి అని.

మిషన్‌ను పంపేయమని ఆయనే చెప్పాడు. మోసేటప్పుడు ఒక మూల తనే పట్టాడు. ఇన్‌స్టిట్యూట్ కొత్త రేకుల కింద దాన్ని నిలబెట్టి, నాన్న తీగలు కలిపి దీపాలు వెలిగించేసరికి సాయంత్రమైంది. జనం బాగా చేరారు. అమ్మ, అత్త కూడా వచ్చారు. వాళ్లిద్దరూ గుమ్మంలోకి అడుగుపెట్టగానే క్యారమ్ ఆడేవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీలు తెచ్చారు. అమ్మ కూర్చోలేదు, వెళ్లి మిషన్ వెనక జనంలో నిలబడింది. అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే. మావయ్య కడ్డీ లాగాడు. గోళీ ఒక చుట్టు తిరిగి కాలవలో పడింది. హాలంతా మళ్లీ ఆ మౌనమే. ఆయన వెనక్కి తిరిగాడు. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

"ఏటర్రా, నోళ్లు పడిపోయాయేటి?" అన్నాడు. "ఎవలూ తిట్టకపోతే ఎలా ఆడతానురా?"

తర్వాత వెనక వరసలోంచి ఒడియా పాయింట్స్‌మన్ గొంతు సవరించుకుని, ఇంట్లో దాచుకుని ఆడితే ఇలాగే ఉంటుంది, గోళీకి మీ మొహం మర్చిపోయింది అని తన తెలుగులో అన్నాడు. పిల్లి కూత లాంటి నవ్వొకటి లేచింది, ఇంకొకటి, ఆ తర్వాత హాలు మొత్తం. మావయ్య నవ్వలేదు గాని, ఇటు తిరిగి మళ్లీ కడ్డీ లాగాడు. ఈసారి పెదవులు కదిలాయి. ముందు చాలా మెల్లగా, తర్వాత అందరికీ వినబడేలా, రాయే తల్లీ రా అని పిలవడం మొదలుపెట్టాడు. అత్త అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, పెళ్లినాడు చూసినట్టు ఆ మనిషినే చూస్తూ ఉండిపోయింది. ఇంటికి వచ్చేటప్పుడు నన్ను ఆపి, "నువ్వు సెప్పింది నిజమేనే" అంది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

అంతా చక్కబడిపోయిందని చెప్పను. మావయ్య మళ్లీ మెయిను లైను బండి నడపలేదు. యార్డులో పెట్టెలు జరిపే పని అడిగి తీసుకున్నాడు, రిటైరయ్యేదాకా అదే చేశాడు. మనుషులు నడిచే వేగం దాటని ఇంజను మీద కూడా హారను ఎక్కువగా కొడతాడని పేరుండేది. ఏటా వానలు తగ్గాక ఆ ఊరికి వెళ్లి వచ్చేవాడు. కొన్నేళ్లకు ఆ అమ్మాయి అన్న ఎదురొచ్చి వాగు దాటించాడని ఒకసారి మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఇన్‌స్టిట్యూట్‌కు ఆడవాళ్లు రావడం ఆ రోజుతో మొదలైంది. మొదట అమ్మ, అత్త, తర్వాత మరికొందరు. అమ్మ చివరిదాకా కుడి బొత్తాం ఒక్కటే ఆడేది, ఎడమ బొత్తానికి ఎవరో ఒకర్ని పిలుచుకునేది. మిషన్ లోపలి తీగ చుట్టలు ఒక్కొక్కటే కాలిపోయి, సామాను దొరక్క, ఒకనాడు అందరి ముందూ మూగబోయింది. నాన్న పోయాడు. మావయ్య, అత్త పలాస వెళ్లిపోయారు. ఆయన పోయినప్పుడు అత్త ఫోనులో, ఆఖరి రోజుల్లో ఇంట్లో కూడా బాగా మాట్లాడేవాడని చెప్పింది. నేను జగదల్‌పూర్‌లో బడి ఉద్యోగం చేసి, అదీ ముగించుకున్నాను.

ఆ వానాకాలం గురించి ఎవరైనా అడిగితే, చాలా కాలం నడిచిందని చెబుతాను. లెక్క చూస్తే కొద్ది వారాలే అయి ఉంటుంది. ఆ తర్వాత గడిచిన నలభై ఏళ్లూ ఎలా వచ్చి ఎలా వెళ్లాయో సరిగా గుర్తు లేదు. కాలం ఎంత పొడవో చెప్పడానికి క్యాలెండరు ఉంది గాని, అది ఎంత లోతుగా ఉందో మాత్రం అందులో దిగి మరొకరి పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.